ఏరియల్‌కు త్రాసు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మామూలుగా కరువు భత్యం బకాయిల గురించో, వైద్య ఖర్చుల బిల్లుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "మీ వ్యాపకం గురించి ఒక అరగంట చెప్పండి" అని ఆజ్ఞాపించారు. నా వ్యాపకం హామ్ రేడియో. అదంతా చెప్పడానికి అరగంట చాలదు గనుక ఒక్క ముక్క ఎంచుకున్నాను. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ చిన్న పెట్టె. దీని పేరు వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్. పేరు విని బెదిరిపోకండి. నా లెక్కలో ఇది ఏరియల్‌ను తూచే త్రాసు. త్రాసు గురించి తెలియని ఇల్లు మనలో లేదు.

ముందుగా, ఏరియల్‌ను తూచవలసిన అవసరం ఏమిటి అన్న ప్రశ్న వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు తీగలు తెగిపోయి, అక్కడ ఎంత ఘోరం జరిగిందో బయటి ప్రపంచానికి తెలియడానికే సమయం పట్టింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడ్డప్పుడు, అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లు ఉండి కూడా మాట పోయింది. టవర్లకు కరెంటు లేకపోతే ఫోను ఆట వస్తువే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హామ్ రేడియో పని మీదనే అండమాన్ వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ గారు తమ రేడియో ద్వారా అక్కడి క్షేమ సమాచారాలు ప్రధాన భూభాగానికి అందించారు. అటువంటి వేళ కావలసినవి మూడే. ఒక రేడియో సెట్టు, ఒక కారు బ్యాటరీ, రెండు చెట్ల మధ్య కట్టిన తీగ. ఆ తీగే ఏరియల్. సెట్టు కొనుక్కోవచ్చు, బ్యాటరీ అరువు తెచ్చుకోవచ్చు. తీగను మాత్రం సరిగ్గా కొలిచి కట్టాలి. అది సరిగ్గా లేకపోతే సెట్టు వేడెక్కుతుంది గాని మాట ఊరు దాటదు.

ఎందుకు దాటదో చెబుతాను. ఒక తాడును గోడ మేకుకు కట్టి, ఇవతలి కొస పట్టుకుని ఒక్కసారి విదిలించండి. అల పరుగెత్తి వెళ్లి మేకుకు తగిలి మళ్లీ మన చేతికే వస్తుంది. లావు తాడుకు సన్న తాడు ముడివేసి విదిలిస్తే, ముడి దగ్గర కొంత ముందుకు పోతుంది, కొంత వెనక్కి వస్తుంది. రేడియో శక్తి కూడా అంతే. మన సెట్లు, కేబుళ్లు 50 ఓములు అనే కొలతకు తయారైనవి. ఏరియల్ కూడా ఆ కొలతకు దగ్గరగా ఉంటే శక్తి నిక్షేపంగా లోపలికి పోతుంది. లేకుంటే కొంత తిరుగుటపా. అలా జత కుదర్చడాన్నే మ్యాచింగ్ అంటారు.

ఎంత తిరిగి వస్తోందో చెప్పే అంకె ఒకటి ఉంది. స్టాండింగ్ వేవ్ రేషియో, పొట్టిగా ఎస్.డబ్ల్యు.ఆర్. అది 1 అయితే తిరుగుటపా లేదు. 1.5 అయితే నూటికి 4 వంతులు వెనక్కి వస్తుంది. 2 అయితే 11 వంతులు, 3 అయితే 25 వంతులు. 2 లోపు ఉంటే చాలామంది తృప్తి పడతారు.

పూర్వం ఈ అంకె చూడాలంటే సెట్టుకూ ఏరియల్‌కూ మధ్య ఒక మీటరు పెట్టి, నిజంగా ప్రసారం చేసి, ముల్లు ఎక్కడికి పోతుందో చూసేవాళ్లం. ఆ మీటరు ఇంత తిరిగి వచ్చింది అంటుంది, ఎందుకు తిరిగి వచ్చిందో చెప్పదు. మనవాళ్లకు సులువుగా తెలిసే మాట చెబుతాను. ట్రెజరీకి పంపిన బిల్లు తిరిగొచ్చింది. తిరిగొచ్చిందన్న కబురు ఒక్కటే తెలిస్తే గుమాస్తా ఏం చెయ్యగలడు? ఏ అభ్యంతరంతో వచ్చిందో, సంతకం లేదా, హెడ్ ఆఫ్ అకౌంట్ తప్పా, బడ్జెట్టు చాలలేదా, ఆ చీటీ చూస్తేనే గదా సరిచేసి మళ్లీ పంపేది! పాత మీటరు బిల్లు తిరిగొచ్చిందని మాత్రమే చెప్పేది. ఈ ఎనలైజరు అభ్యంతరం చీటీతో సహా తెచ్చి ఇస్తుంది. తిరిగి వచ్చిన అల ఎంత, పోయిన అలతో పోలిస్తే ఎంత ముందు వెనుకలుగా వచ్చింది, రెండూ కొలుస్తుంది. అందుకే దానికి వెక్టర్ అని పేరు.

ఇటువంటి యంత్రం ఒకనాడు పెద్ద ప్రయోగశాలల్లోనే ఉండేది. 1984లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ తెచ్చిన 8510 అనే ఎనలైజరు ఒక బీరువా అంత స్థలం ఆక్రమించేది. మనబోటి వాళ్లం దాన్ని బొమ్మలో చూడవలసిందే. జపాన్ దేశస్థుడు ఒకాయన 2016 ప్రాంతంలో నానో వి.ఎన్.ఎ. అనే చిన్న నమూనా రూపొందించి, దాని వివరాలన్నీ అందరికీ బాహాటంగా ఇచ్చేశాడు. 2019 నాటికి చైనా తయారీదారులు దాన్ని వేలకొద్దీ తయారుచేసి ప్రపంచమంతా పంచారు. కొన్ని వేల రూపాయల్లో వచ్చేస్తుంది. తొలి నమూనాకు తెర 2.8 అంగుళాలు. 50 కిలోహెర్ట్జ్ నుంచి 900 మెగాహెర్ట్జ్ వరకు కొలుస్తుంది. మన కళ్లకు మాత్రం 4 అంగుళాల తెర ఉన్నదే మేలని నా సలహా. తొలి దానిలో అంకెలు చూడటానికి నాకు కళ్లజోడు మీద భూతద్దం కావలసి వస్తోంది.

ఇక వాడే పద్ధతి. కిరాణా కొట్టులో నమ్మకమైన వర్తకుడు సరుకు వెయ్యబోయే ముందు ఏం చేస్తాడు? ఖాళీ త్రాసు ఎత్తి ముల్లు నిటారుగా ఉందా అని చూస్తాడు. ఒక పక్కకు ఒరిగితే తేలిక వైపు పాసంగం కట్టి సరిచేస్తాడు. ఈ పెట్టెకు కూడా పాసంగం చూడాలి. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. దీనితోపాటు మూడు చిన్న బిరడాలు ఇస్తారు. ఒకటి ఓపెన్, అంటే లోపల ఏమీ లేదు. రెండోది షార్ట్, అంటే లోపలి తీగ, బయటి తొడుగు కలిసిపోయి ఉంటాయి. మూడోది లోడ్, అంటే కచ్చితంగా 50 ఓముల నిరోధం. ముందు మనకు కావలసిన ఫ్రీక్వెన్సీ హద్దులు పెట్టెకు చెప్పాలి. తర్వాత ఈ మూడింటినీ ఒకదాని వెంట ఒకటి తగిలించి "ఇది ఓపెన్, ఇది షార్ట్, ఇది లోడ్" అని దానికి నేర్పాలి. నేర్పింది మెమరీలో దాచాలి. హద్దులు మార్చితే మళ్లీ నేర్పడం మంచిది.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. పెట్టెకూ ఏరియల్‌కూ మధ్య చిన్న కేబులు వాడుతుంటే, బిరడాలను పెట్టె దగ్గర కాదు, ఆ కేబులు అవతలి కొసన తగిలించి నేర్పాలి. అప్పుడే కేబులు ప్రభావం పాసంగంలో సర్దుకుపోయి, ఏరియల్ ఒక్కటే తూకానికి వస్తుంది. సంచితో సహా తూచి, అదంతా బియ్యమే అనుకోకూడదు గదా!

నేర్పిన తర్వాత సరిచూసుకోవడం సులువు. తెర మీద స్మిత్ చార్టు అనే గుండ్రటి పటం వస్తుంది. బెల్ ప్రయోగశాలల ఇంజనీరు ఫిలిప్ స్మిత్ 1939లో దాన్ని ప్రకటించాడు. లోడ్ తగిలిస్తే చుక్క నట్టనడుమ నిలవాలి. ఓపెన్ అయితే కుడి కొసకు, షార్ట్ అయితే ఎడమ కొసకు పోవాలి. అలా పోకపోతే ఆ రోజు చూపే ఏ అంకెనూ నమ్మవద్దు.

ఒక ఉదాహరణ చెబుతాను. 7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ కడదాం. డైపోల్ అంటే నడుమ నుంచి కేబులు దిగే రెండు చేతుల తీగ. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో దాదాపుగా వస్తుంది. ఇక్కడ 20.14 మీటర్లు. చెట్టు, డాబా, నేల అన్నీ ఆ లెక్కను కొంచెం అటూ ఇటూ జరుపుతాయి కనుక ముందుగా పొడవు ఎక్కువే పెట్టి 21 మీటర్లు కట్టాం అనుకోండి. ఎనలైజరు తగిలిస్తే తెర మీద ఒక గీత పల్లంలోకి దిగి మళ్లీ పైకి లేస్తుంది. ఆ పల్లం అడుగు ఎక్కడ ఉందో అక్కడ ఏరియల్ పలుకుతోందన్న మాట. అది 6.8 దగ్గర కనబడింది. మనకు కావలసింది 7.1. త్రైరాశికం వేయండి. 21ని 6.8తో గుణించి 7.1తో భాగిస్తే 20.11 మీటర్లు. అంటే ఒక్కో చేతి నుంచి సుమారు 44 సెంటీమీటర్లు తగ్గించాలి. కత్తిరించకండి. కొసలు వెనక్కి మడిచి అదే తీగకు చుట్టండి. మళ్లీ కొలవండి. కత్తిరించిన తీగ అతుక్కోదు, మడిచిన తీగ విప్పుకోవచ్చు.

స్మిత్ చార్టు ఇక్కడ అభ్యంతరం చీటీలా పనికొస్తుంది. మనకు కావలసిన ఫ్రీక్వెన్సీ దగ్గర చుక్క అడ్డగీతకు పైన ఉంటే ఈ తీగ పొడవెక్కువ, కింద ఉంటే పొట్టి. సరిగ్గా గీత మీదే ఉండి నడుమకు కుడి పక్కన ఉంటే 50 ఓముల కన్నా ఎక్కువ, ఎడమ పక్కనైతే తక్కువ. అప్పుడు పొడవుతో పేచీ లేదు, ఆకారం మార్చాలి. తిన్నగా ఎత్తులో కట్టిన డైపోల్ 70 ఓముల దరిదాపుల్లో ఉంటుంది. నడుమ ఎత్తి చేతులు రెండూ కిందికి వాలిస్తే 50కి దిగివస్తుంది. 145 మెగాహెర్ట్జ్‌కు వాడే నిలువు కడ్డీ 49 సెంటీమీటర్లు. దాని అడుగున నాలుగు కడ్డీలు బల్లపరుపుగా పెడితే 36 ఓముల దగ్గర ఉంటుంది. వాటిని గొడుగు చువ్వల్లా 45 డిగ్రీలు కిందికి వంచితే 50 దగ్గరకు వస్తుంది. పైసా ఖర్చు లేని మ్యాచింగ్.

ఇంతవరకు చెప్పింది పుస్తకాల్లోనూ దొరుకుతుంది. నేను ముఖ్యంగా మనవి చేయదలచింది ఇప్పుడు చెప్పబోయే సంగతి. ఎస్.డబ్ల్యు.ఆర్. అంకె బాగుంటే ఏరియల్ బాగున్నట్టు కాదు.

అనుమానంగా ఉంటే, ఏరియల్ తీసేసి ఆ 50 ఓముల లోడ్ బిరడా తగిలించి చూడండి. అంకె 1. ఇంతకు మించిన అంకె లేదు. కాని ఆ బిరడా గుండా ఒక్క మాట కూడా ఆకాశంలోకి పోదు. వచ్చిన శక్తినంతా వేడిగా మింగేస్తుంది. వెనక్కి ఏమీ రాలేదంటే అర్థం పైకి పోయిందని కాదు. నడుమ ఎక్కడో ఇంకిపోయి ఉండవచ్చు.

మన నౌకరీ భాషలో చెబుతాను. నెలవారీ స్టేట్‌మెంటులో "పెండింగ్ - నిల్" అని ఉంటుంది. చూసిన అధికారికి సంతోషం. కాని భర్త పోయిన ఆ ఇల్లాలికి కుటుంబ పెన్షన్ చేతికి అందిందా? కాగితం ఈ సీటులో లేదంతే, ఏ సీటులో ఇంకిపోయిందో ఆ స్టేట్‌మెంటు చెప్పదు. ఈ సభలో ఉన్న ఎందరో తల్లులకు ఆ బాధ నేను చెప్పనక్కరలేదు.

ఏరియల్ విషయంలో అటువంటిది ఒకటి కళ్లారా చూశాను. సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లెలో నా మిత్రుడొకాయన, రిటైరైన ఉపాధ్యాయుడు, 145 మెగాహెర్ట్జ్ కడ్డీ ఏరియల్‌ను డాబా మీద కట్టుకున్నాడు. తుపాను వేళ ఆ ఊరి నుంచి పట్నానికి మాట చేరవేయగలిగినది అదొక్కటే. కింద సెట్టు దగ్గర మీటరు 1.5 చూపిస్తోంది. అందరూ భేష్ అన్నారు. కాని పట్నంలో వాళ్లకు ఆయన మాట గరగరల మధ్య తెగిపోతూ వినబడేది. ఒక ఆదివారం ఆయన మేనల్లుడు ఎనలైజరు పట్టుకుని పైకి ఎక్కాడు. నేను కింద నిలబడి అంకెలు రాసుకున్నాను. కేబులు విప్పి నేరుగా ఏరియల్ మొదట్లో కొలిస్తే ఎస్.డబ్ల్యు.ఆర్. 3! కింద 1.5, పైన 3. ఏది నిజం?

రెండూ నిజమే. ఏరియల్ నుంచి నాలుగో వంతు వెనక్కి వస్తోంది. అది కిందికి వచ్చే దారిలో కేబులు దాన్ని తినేస్తోంది. అందుకే కింద మీటరుకు తిరుగుటపా తక్కువగా కనబడింది. కేబులును పరీక్షించే పద్ధతి ఇది. పై కొసన షార్ట్ బిరడా పెట్టి, కింది కొసన ఎనలైజరుతో రిటర్న్ లాస్ అనే అంకె చూడాలి. షార్ట్ దగ్గర అంతా వెనక్కి రావాలి కనుక, తగ్గినదంతా కేబులు తిన్నదే. అల పోవడానికీ రావడానికీ రెండుసార్లు ఆ దారినే నడిచింది కాబట్టి సగం చేయాలి. అక్కడ 8 డెసిబెల్స్ వచ్చింది. సగం 4. అది 12 మీటర్ల సన్న కేబులు. కొత్తదైతే ఆ ఫ్రీక్వెన్సీలో 2 డెసిబెల్స్ దగ్గర తినాలి. తొడుగు ఒలిచి చూస్తే లోపలి రాగి జల్లెడ పచ్చగా చిలుము పట్టి ఉంది. పై కనెక్టరు దగ్గర వాన నీరు దిగింది, దానికి ఉప్పుగాలి తోడైంది. ఏరియల్ అడుగు కడ్డీల్లో ఒకదాని బోల్టు తుప్పుపట్టి వదులైంది.

4 డెసిబెల్స్ అంటే పది వాట్లు పంపితే పైకి చేరేది నాలుగు వాట్లు. అందులో నాలుగో వంతు వెనక్కి. ఆకాశంలోకి పోయేది సుమారు మూడు. లావు కేబులు కొత్తది వేసి, కనెక్టరుకు నీరు దిగకుండా రబ్బరు టేపు గట్టిగా చుట్టి, బోల్టులు మార్చారు. పైన 1.3, కింద 1.2 వచ్చింది. కొత్త కేబులు తినేది 1 డెసిబెల్. ఇప్పుడు పదింట ఏడున్నర వాట్లకు పైగా బయటికి పోతోంది. సెట్టు దగ్గర కూర్చున్నవాడికి 1.5 కాస్తా 1.2 అయింది, ఇంతోటి దానికి ఇంత శ్రమా అనిపిస్తుంది. పట్నంలో వినేవాడికి మాత్రం మాట స్పష్టంగా వినబడింది. మన పని విలువను మన బల్ల మీది అంకె చెప్పదు, అవతలివాడి చెవి చెబుతుంది.

కనుక కొలిచే వారికి నా సూచనలు కొన్ని. ఏరియల్ కట్టిన రోజే పైన ఒకసారి, కింద ఒకసారి కొలవండి. కేబులు విడిగా కొలవండి. తేదీ, వాతావరణం, అంకెలు ఒక రిజిస్టరులో రాసుకోండి. రిజిస్టరు రాయడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఏటా అక్టోబరు, నవంబరు నెలల తుపాన్ల కాలానికి ముందు మళ్లీ కొలిచి పాత అంకెలతో పోల్చండి. అంకె చెడితే మంచిదే, తెలిసిపోయింది. ఏ మరమ్మతూ చేయకుండా కింది అంకె దానంతటదే బాగుపడితే మాత్రం ముందు కేబులును అనుమానించండి.

జాగ్రత్తలు కూడా వినండి. ఈ పెట్టె పంపే శక్తి మిల్లీవాటులో సుమారు పదో వంతు. దీనికి పొరపాటున కూడా ట్రాన్స్‌మిటరు తగిలించి మీట నొక్కకండి, ఆ క్షణాన కాలిపోతుంది. పొడవాటి తీగల్లో గాలికి, మబ్బుకి విద్యుత్తు పేరుకుంటుంది. తగిలించే ముందు కేబులు లోపలి తీగను, బయటి తొడుగును ఒకసారి కలిపి వదలండి. ఉరుములు వినబడుతుంటే కొలత వాయిదా వేయండి. కనెక్టరు బిగించేటప్పుడు నట్టు మాత్రమే తిప్పండి, కేబులును మెలితిప్పకండి. కరెంటు తీగలకు దగ్గరలో ఏరియల్ కట్టకండి. చివరిది మన వయసువారికి. నిచ్చెన ఎక్కే పని మనవడికి వదిలి, కింద కూర్చుని అంకెలు రాసే పని మనం చేద్దాం. తుంటి ఎముక విరిగితే దానికి ఏ మ్యాచింగూ కుదరదు.

ప్రసారం చేయడానికి పరీక్ష ప్యాసై ప్రభుత్వ అనుమతి పొందాలి. ఈ వ్యాపకంలో శిక్షణ ఇచ్చే సంస్థలలో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983లోనే మొదలైంది. మన వయసు దీనికి అడ్డు కాదు. కోస్తాలో స్థిరపడిన మన సభ్యులు ఎందరో ఉన్నారు. ప్రతి మండలంలో ఒక్క ఇంటి మీద సరిగ్గా తూచి కట్టిన ఒక్క ఏరియల్, దాని పక్కన ఏటేటా నింపిన ఒక రిజిస్టరు ఉంటే చాలు. రేపు టవర్లు పడిపోయిన రాత్రి ఎవరి బిడ్డ క్షేమమో చెప్పే మాట దాని గుండానే పోవచ్చు. ఆసక్తి ఉన్న పిల్లలు, పెద్దలు సభ ముగిశాక నా దగ్గరకు వస్తే ఈ పెట్టె చేతికిచ్చి పాసంగం ఎలా చూడాలో నేర్పుతాను.